వీడియోలోకి వెళ్లేముందు

"వీడియోలోకి వెళ్లేముందు" అంటాడు.
వెళ్లడు.
గుమ్మంలోనే నిలబడి చెప్పులు విప్పుతూ, మళ్లీ తొడుక్కుంటూ
గంట నొక్కమంటాడు, బొటనవేలు ఎత్తమంటాడు,
కిందటివారం తనకి జలుబు చేసిన సంగతి చెబుతాడు.

నాకు కావలసింది ఒక్కటే.
ఏసుపాదం మావ క్లారినెట్టు వెనకాల
రొయ్యల చెరువు ఏరియేటర్ల గుర్రు పడింది.
అది తియ్యాలి.
మొగల్తూరు రోడ్డులో ఐసు ఫ్యాక్టరీ పైగది నాది,
కిటికీకి రెండు దుప్పట్లు, తలుపుకి కోడిగుడ్ల అట్టలు,
రోజుకి ఒకటిన్నర జీబీ.
అందులో పావు వంతు అతని పలకరింపుకే చెల్లిపోయింది.

బయట బొమ్మలో నోరు తెరుచుకుని ఉన్నాడు,
పక్కన ఎర్ర బాణం, "ఇక జన్మలో నాయిస్ ఉండదు!"
నేనే నొక్కాను. తప్పు నాదే.

రంగు బాగుందంటాడు.
మీటలు అచ్చం ఇనప మీటల్లా ఉన్నాయంటాడు.
మౌసు బాణాన్ని ఆ మీట చుట్టూ
దీపం చుట్టూ ఉసిళ్ల పురుగులా తిప్పుతాడు,
మీటని మాత్రం తిప్పడు.
"ఇదెలా పనిచేస్తుందో ముందు వీడియోలో చెప్పాను కదా."
ముందు వీడియోలో, తర్వాత చెబుతానన్నాడు.

చివరికి వినిపించాడు. వినిపిస్తూ మాట్లాడాడు.
"తేడా విన్నారా? విన్నారా ఫ్రెండ్స్?"
నీ గొంతే విన్నాను నాయనా, ఇంకేం విననిచ్చావు?
రెండోసారి కాస్త సౌండు పెంచి పెట్టి
"చూశారా, ఎంత నిండుగా ఉందో!"
తక్కెడ పళ్లెం కింద చింతపండు అంటించడం
మా చేపల సంతలో పుట్టిన విద్యే బాబూ.
అన్నిటికీ అదే డ్రమ్ము, అవే నాలుగు దెబ్బలు.
ఊపిరి పోసి వాయించేదేదీ అతని గడప తొక్కదు.

పదకొండో నిమిషంలో కరెంటు పోయింది.
వచ్చాక, మొదట్నుంచీ.

మావ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని
రీడు నోట్లో పెట్టుకుని తడుపుతున్నాడు.
పెళ్లిళ్లకీ శవాలకీ గుడ్ ఫ్రైడే ఊరేగింపులకీ
ముప్పై రెండేళ్లు వాయించిన మనిషి.
"ఎవడ్రా ఇతను?"
"నేర్పేవాడు మావా."
"రీడు తడుపుకోవాలి, కాదన్ను.
తలంబ్రాలైపోయి, భోజనాలైపోయి,
ఇస్తరాకులు ఎత్తేసినా ఇంకా తడుపుతానే ఉంటే
బ్యాండు డబ్బులెవడిత్తాడు?"

చెరువు గట్టెక్కి కాపలా పల్లాలుని అడిగాను.
"ఆయ్, రాత్రిపూట ఆపితే సరుకంతా తేలిపోద్దండి.
మిట్టమధ్యాన్నం అరగంట ఆపుతాను,
ఎండకి నీళ్లలో ఊపిరి బాగానే ఉంటాది."
పది సెకన్లు పట్టింది.
గంట నొక్కమనలేదు.

మర్నాడు మధ్యాహ్నం. ఫ్యాను కట్టేశాం.
మావ చొక్కా వీపుకి అతుక్కుంది.
ఒక్క టేకు.
ఎంత శుభ్రంగా వచ్చిందంటే
ముక్కలు మారేచోట ఆయన మింగిన గుటక కూడా వినపడుతోంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని నొసలు ముడేశాడు.
"బానే ఉంది గానీ,
కింద ఏదో ఉండాలి కదరా?"
"అదే మావా తీసేసింది."
"అదేంట్రా! ఆ రాత్రి నేను దాని మీదే నిలబడ్డాను.
దాంతోనే కలుపుకున్నాను శ్రుతి.
ఇప్పుడు చూడు,
రేవులో మెట్టుందనుకుని కాలేసినట్టుంది."

పాతది మళ్లీ తెరిచాను.
గుర్రు. దాని పక్కనే క్లారినెట్టు,
ఒకే సైకిలు మీద ఇద్దరు మనుషుల్లా.
ఇన్నాళ్లూ నేను చెవులతో కాక
అతని బాణంతో విన్నట్టున్నాను.

ఫోను ఆపడం మర్చిపోయాను.
అది తనంతట తనే ఇంకో వీడియోలోకి పోయింది.
అదే మనిషి, చొక్కా కొత్తది.
చప్పగా ఉన్న పాటలకి గుర్రు కలిపే సాఫ్ట్‌వేర్ వచ్చిందట,
పాత మోటారు గుర్రు, అసలు సిసలుది,
నలభై తొమ్మిది డాలర్లు, ఈ వారమే తగ్గింపు.
వీడియోలోకి వెళ్లేముందు...

మావ రీడు విప్పి జేబులో పెట్టుకున్నాడు.
"మన డబ్బుల్లో ఎంతరా?"
చెప్పాను.
"ఓరి నీ!
పల్లాలుకి చెప్పాలి ఈ మాట."